ముప్పై సెకన్ల ఆలస్యం

గురి అనే మాటకు మన భాషలో రెండు అర్థాలున్నవి. విలుకాడు చూసి కొట్టే లక్ష్యం ఒకటి. మనిషిమీద మనిషికి కుదిరే నమ్మకం రెండోది. "ఆ డాక్టరుగారంటే మా ఆవిడకు భలే గురి" అంటాం గదా, అదీ. ఒకే మాటలో ఈ రెండర్థాలూ ఎట్లా ఇమిడిపోయినవో నిఘంటువులు చెప్పవు. ఈ వారం నేను చెప్పబోయే కథలో మాత్రం రెండు గురులూ ఒకే ఉదయాన, ఒకే అరగంటలో, ఒకే సముద్రతీరంమీద తప్పిపోయినవి. కింద పడవలలో ఉన్న సైనికులకు ఆకాశంలోని విమానాలమీద గురి. ఆ విమానాలకు ఒడ్డుమీది ఫిరంగులమీద గురి.

తెలుగు పాఠాలు చెప్పుకొని బతికే పంతులుకు బాంబర్ల సంగతి ఎందుకయ్యా అని పాఠకులు అడగవచ్చు. మా ఇంట్లో ఇప్పటికే అడిగారు. వేసవి సెలవుల్లో చదవడానికి చేతికి అందిన లావుపాటి గ్రంథం ఒకటి దీనికి కారణం. రెండో ప్రపంచ యుద్ధాన్ని గురించి అమెరికా సైన్యం వారు తామే వ్రాయించుకున్న చరిత్రలో ఒక సంపుటం అది. గోర్డన్ హారిసన్ అనే ఆయన వ్రాశాడు. 1951లో అచ్చయింది. పటాలు, పట్టికలు, దళాల నంబర్లు, అడుగున చీమలబారులాంటి సూచికలు. చదువుతూ చదువుతూ కునుకు పట్టే సమయానికి ఒక చిన్న సంగతి వచ్చి నిద్ర చెడగొట్టింది. ఒక తీరంమీద వేయడానికి 329 విమానాలు 13 వేల బాంబులు తీసుకుపోయినవి. అందులో ఆ తీరాన్ని తాకినది దాదాపు ఏమీ లేదు. కొన్ని మూడు మైళ్ళ అవతల పడినవి. ఇది చేతకానివాళ్ళ పని కాదు. శత్రువు అడ్డుకోవడంవల్ల జరిగిందీ కాదు. పైవారి ఉత్తరువు ప్రకారమే, తమవాళ్ళను కాపాడుకోవాలన్న మంచి ఉద్దేశంతోనే అట్లా జరిగింది.

1944 జూన్ 6వ తేదీ సంగతి ఇది. జర్మనీవారి చేతుల్లో ఉన్న ఫ్రాన్సు దేశంలోకి ఇంగ్లండు నుంచి సముద్రం దాటి మిత్రరాజ్యాల సేనలు దిగిన రోజు. 'డీ డే' పేరుతో సినిమాలు వచ్చినవి గనుక చాలామందికి తెలిసినదే. నార్మండీ అనే ప్రాంతంలో ఐదు తీరభాగాలు ఎన్నుకొని, వాటికి మారుపేర్లు పెట్టారు. అమెరికా సైన్యం దిగవలసినవి రెండు: ఒకటి ఓమహా, రెండోది యూటా. మిగిలిన మూడూ బ్రిటిష్, కెనడా సేనలవి.

ఇంగ్లండు తూర్పు భాగాన సఫోక్ జిల్లాలో బంగీ అనే చిన్న పట్నం ఉంది. దాని పక్కన ఫ్లిక్స్‌టన్ అనే పల్లె. యుద్ధం వచ్చేవరకూ అక్కడ పొలాలు తప్ప మరేమీ లేవు. ఆ పొలాల్లో కాంక్రీటు పోసి విమానాశ్రయం కట్టారు. అమెరికా వైమానిక దళంలోని 446వ బాంబర్ గ్రూపు అక్కడ మకాం వేసింది. గ్రూపు అంటే నాలుగు స్క్వాడ్రన్లు. వారివి లిబరేటర్ విమానాలు. ఒక్కొక్క దానికి నాలుగు ఇంజన్లు, పదిమంది మనుషులు. అమెరికాలో ఫోర్డు కంపెనీవారు విల్లో రన్ అనే చోట కార్ఖానా పెట్టి, ఆ ఏడాది గంటకొకటి చొప్పున ఈ విమానాలను తయారుచేసే స్థితికి వచ్చారు. మోటారుకార్లు చేసే చేతులే గదా! నడిపే కుర్రవాళ్ళు మాత్రం గంటకొకరు చొప్పున తయారు కారు. ఇరవయ్యేళ్ళు, ఇరవైరెండేళ్ళు, నిన్నటిదాకా మా కాలేజీ పిల్లల్లాగా పుస్తకాలు చంకన పెట్టుకొని తిరిగినవాళ్ళే చాలామంది.

ఆ ఉదయం ఎనిమిదవ వైమానిక దళం మొత్తానికీ ముందు నడిచే గౌరవం ఈ 446వ గ్రూపుకు దక్కింది. అమెరికన్ బాంబర్లు మామూలుగా తెల్లవారి, వెలుగు వచ్చిన తర్వాత బయలుదేరుతవి. ఆ రోజు అట్లా కుదరదు. ఆరున్నరకు సైన్యం ఒడ్డున దిగాలి. దానికి ముందు అరగంటలో బాంబులు పడాలి. అందుచేత రాత్రి రెండు గంటల ప్రాంతంలోనే, చీకట్లో, మబ్బుల్లో, ఒకదాని వెనక ఒకటిగా లేచినవి. తూర్పు ఇంగ్లండు ఆకాశంమీద ఒక్కసారిగా వెయ్యి పైచిలుకు బాంబర్లు వరుసలు కట్టాలి. ముందు నడిచే విమానాలు రంగురంగుల తారాజువ్వలు వదులుతూ ఉంటే, వాటిని చూసి ఎవరి నాయకుణ్ణి వారు వెతుక్కొని చేరాలి. మన తిరునాళ్ళలో రాత్రివేళ బండ్లు తప్పిపోకుండా లాంతర్లు చూసుకొని పోయేవారే, అట్లాంటిదే. అయితే ఈ బండ్లకు ఆగే వీలు లేదు, వెనక్కి తిరిగే వీలూ లేదు. పోయే దారి ఒకటి, వచ్చే దారి వేరొకటి.

అసలు దండయాత్ర జూన్ 5న జరగవలసింది. గాలివాన మూలాన ఒకరోజు వాయిదా పడింది. స్టాగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త, తుఫానుల మధ్య కొద్దిపాటి తెరిపి కనిపిస్తున్నదని చెబితే, సర్వసేనాని ఐసెన్‌హోవర్ ఆ తెరిపిని నమ్ముకొని సరేనన్నాడు. తెరిపి నిజమే. ఓడలు నడవడానికి అది చాలింది. పదిహేను వేల అడుగుల ఎత్తునుంచి నేల చూడడానికి మాత్రం చాలలేదు.

ఇక్కడ బాంబు పడే వైనం కొంచెం చెప్పాలి. బాంబును తిన్నగా నెత్తిమీదకు వచ్చిన తర్వాత వదలరు. విమానం గంటకు రమారమి రెండు వందల మైళ్ళ వేగంతో పోతూ ఉంటుంది గనుక, వదిలిన బాంబు కూడా ఆ వేగంతోనే ముందుకు సాగుతూ కిందికి దిగుతుంది. పదిహేను వేల అడుగులనుంచి నేలకు చేరడానికి అర నిమిషంపైనే పడుతుంది. ఆ లెక్కన లక్ష్యానికి మైలున్నర ఇవతలే, అంటే ఇంకా సముద్రంమీద ఉండగానే విడవాలి. విడిచేవాడు ఎంత ముందు విడవాలో లెక్కకట్టి చెప్పే యంత్రాన్ని నార్డెన్ అనే ఆయన కనిపెట్టాడు. అది ఎంత గొప్పదైనా, అద్దంలో కన్నుపెట్టి చూసేవాడికి లక్ష్యం కనబడితేనే దాని గొప్పతనం. ద్రోణాచార్యులవారి పరీక్షలో అర్జునుడికి పిట్ట కన్ను తప్ప మరేమీ కనబడలేదని మనం పిల్లలకు చెబుతాం. ఆ ఉదయం లిబరేటర్లలో కూర్చున్నవారికి పిట్టా లేదు, చెట్టూ లేదు. తెల్లటి మబ్బు తప్ప.

మబ్బులోనుంచి చూసే రాడార్ యంత్రాలు ముందు నడిచే విమానాలలో కొన్నింటికి ఉన్నవి. అవి నీటికీ నేలకూ తేడా చూపుతవి. సముద్రం ఎక్కడ ముగిసి ఒడ్డు ఎక్కడ మొదలయిందో చూపుతవి. ఒడ్డుమీద ఫిరంగి ఏ మూల ఉన్నదో చూపలేవు. నాయకుడు రాడార్ చూసి విడిస్తే, పక్కన ఆరేసి విమానాల వరుసల్లో ఉన్నవారంతా ఆయన బాంబు జారడం చూసి తమవీ విడవాలి. అంటే ఒకడి చేయి తొందరపడితే వందల బాంబులు తొందరపడతవి. కింద ఏమున్నవి? ఒడ్డుకు వస్తున్న పడవలు. వేలకొద్దీ మన సైనికులు. విమానాలు వస్తున్నది కూడా ఆ పడవల మీదుగానే, సముద్రంవైపు నుంచే.

ఈ భయంతో పైవారు ఒక ఉత్తరువు ఇచ్చారు. మబ్బు వల్ల రాడార్‌మీద ఆధారపడవలసివస్తే, బాంబు విడవవలసిన క్షణం వచ్చిన తర్వాత మరి కొన్ని సెకన్లు ఆగి విడవండి. పడవలు ఒడ్డుకు ఎంత దగ్గరయితే అంత ఎక్కువ ఆగండి. ఐదు సెకన్లతో మొదలై ముప్పై దాకా పోయింది ఆ ఆలస్యం. ఐసెన్‌హోవర్ ఆమోదించాడు. ఎవరు ఆమోదించరు? మనం ఆ కుర్చీలో కూర్చుంటే మనమూ సంతకం పెట్టేవాళ్ళం. ఐదు సెకన్లంటే పావు మైలు. ముప్పై సెకన్లంటే మైలున్నర దాటిన దూరం. ఒడ్డుమీద జర్మన్ స్థావరాలున్న మేర వెడల్పు కొద్ది వందల గజాలు!

మబ్బుమీద మోత వినిపించింది. పడవలలో వాంతులు చేసుకుంటూ, తలదాకా తడిసి, బాల్చీలతో నీళ్ళు తోడి పోస్తున్న సైనికులు పైకి చూశారు. ఒడ్డు వెనకాల దూరంగా ఉరుములు వినిపించినవి. ఒడ్డున బాంబులు తవ్విన గోతులుంటవి, దిగగానే అందులో దూరి తలదాచుకోవచ్చు అనే ఆశతో వచ్చామని బతికి బయటపడినవారు చాలామంది తర్వాత చెప్పుకున్నారు. పలక తుడిచినట్టున్న ఇసుకలో ఒక్క గొయ్యి కనిపించలేదు. నిజానికి బండ్లకు, టాంకులకు దారి చెడిపోకూడదని గోతులు పడని విధంగా పేలే చిన్న బాంబులనే ఎక్కువగా తెచ్చారు. సరిగా పడినా వారనుకున్నంత గోతులు ఉండేవి కావు. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పినట్టు లేదు. ముందు చెప్పానే, గురి అనే మాటకు రెండో అర్థం! అది అట్లా పోయింది.

ఒక్కరు మాత్రం ముందే అనుమానించారు. 29వ డివిజనులో నార్మన్ కోటా అనే బ్రిగేడియర్ జనరల్, బయలుదేరే ముందురోజు తన అధికారులను ఓడలో కూడదీసి, విమానాలమీదా ఓడల ఫిరంగులమీదా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దనీ, అనుకున్నది అనుకున్నట్టు జరగదనీ, అప్పటికప్పుడు తోచిన ఉపాయంతో ముందుకు పోవాలనీ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, మర్నాడు తానూ ఆ ఇసుకలో దిగి నడిచాడు.

ఓమహా వెనక నూరడుగులకు మించిన ఎత్తున నిటారు గుట్టలు. వాటిమీద చెక్కుచెదరని మరఫిరంగులు. పూటలోపల చనిపోయినవారు, గాయపడినవారు, కనబడకుండా పోయినవారు కలిసి రెండు వేలకు పైగా. దీనికంతటికీ బాంబర్లే కారణమని అనడం న్యాయం కాదు. నీటిమీద తేలివస్తాయనుకున్న 29 టాంకులలో 27 ఒడ్డు చేరకుండానే మునిగిపోయినవి. ఎదుట ఉన్న జర్మన్ దళం అనుకున్నదానికంటె గట్టిది. ఓడల ఫిరంగులకు ఇచ్చిన సమయం చాలలేదు. సైనికులను చివరకు ఆదుకున్నవి మబ్బుపైని పెద్ద విమానాలు కావు, చిన్న యుద్ధనౌకలు. వాటి కెప్టెన్లు అడుగు నేలకు తగులుతుందనే భయం కూడా విడిచిపెట్టి ఒడ్డుకు వెయ్యి గజాల దాకా వచ్చి, ఏ కన్నంలోనుంచి పొగ వస్తున్నదో కళ్ళతో చూసి, అక్కడ కొట్టారు. సాయంకాలానికి 34 వేలమంది ఒడ్డుమీద ఉన్నారు.

ఇదే వేళకు పదిహేను మైళ్ళ అవతల యూటా తీరంలో మరొక రకం జరిగింది. అక్కడికి వచ్చినవి మరాడర్ అనే రెండింజన్ల విమానాలు. ఎనిమిదవ దళానివి కావు, తొమ్మిదవ దళానివి. మొదటి రోజుల్లో ఇవి చాలామంది కుర్రవాళ్ళను శిక్షణలోనే పొట్టన పెట్టుకున్నవి. ముండమోపిని చేసేదని దీనికి పేరు పెట్టారు వాళ్ళ భాషలో. పెద్ద విమానాలవాళ్ళు వీటిని చూసి నవ్వేవారు కాబోలు. అవి ఆ ఉదయం మబ్బు అడుగుకు దిగినవి. కొన్ని ఐదు వేల అడుగులకంటె కిందికి వచ్చినవి. తుపాకి గుళ్ళు తగిలే ఎత్తు అది. అయినా సరే, తీరానికి అడ్డంగా రాక, తీరం వెంబడి, దానికి సమాంతరంగా ఎగురుతూ వచ్చినవి. చేనుగట్టు వెంట నడిచేవాడు ఒక అడుగు ముందు వేసినా, ఒక అడుగు వెనక వేసినా గట్టుమీదే ఉంటాడు. గట్టును అడ్డంగా దాటేవాడు ఒక అడుగు ఎక్కువ వేస్తే చేలో పడతాడు. అంతే తేడా. ఆ 276 మరాడర్లు ఒక్కొక్కటి 250 పౌన్ల బరువున్న బాంబులు 4,404 విడిచినవి. అన్నీ తగిలినవని కాదు. తగలవలసినవి చాలా తగిలినవి. ఒక ముఖ్యమైన జర్మన్ స్థావరం గుండ అయిపోయింది. ఆ రోజు యూటాలో దిగిన 4వ డివిజను నష్టం సుమారు రెండు వందలమంది.

ఇక్కడా ఒక మాట దాచకూడదు. యూటాలో ప్రవాహం పడవలను నెట్టి, దిగవలసిన చోటికి మైలు దక్షిణంగా దింపింది. అక్కడ కాపలా పలచగా ఉంది. అదృష్టం కూడా ఒక చేయి వేసింది. ఆ మొదటి పడవలలో ఒకదానినుంచి దిగినవాడు పూర్వపు అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కుమారుడు, అదే పేరుగల జనరల్. 56 ఏళ్ళు, కీళ్ళనొప్పులు, చేతిలో కర్ర. చోటు తప్పిందని తెలిసి కూడా, ఇక్కడినుంచే మొదలుపెడదామన్నాడట. ఆ మనిషి నెల రోజులు దాటగానే, జూలై 12న, గుండె ఆగి పోయాడు.

మరి లిబరేటర్లు కూడా ఒడ్డు వెంబడే ఎగరవచ్చునే? అట్లా అయితే ఆ పక్కనుంచి ఈ పక్కదాకా జర్మన్ ఫిరంగుల నోళ్ళ ముందునుంచి పోవాలి. వెయ్యి పెద్ద విమానాలు అరగంటలో ఆ ఇరుకు దారిలో పట్టవు. మబ్బు కిందికి దిగడం ఆ బరువు విమానాలకు, ఎత్తుననే ఎగరడం నేర్చినవాళ్ళకు సాధ్యం కాదు. ఇవన్నీ నిజమైన కారణాలే. నాకు తోచేదేమంటే, విడిచినవాడి తప్పు వెతకడం దండగ. పదిహేను వేల అడుగుల మబ్బుమీదనుంచి కొద్ది వందల గజాల వెడల్పు ఒడ్డును కొట్టగలమని మాట ఇచ్చినప్పుడే తప్పు జరిగిపోయింది. ఆ మాట ఇచ్చినవారు బల్లచుట్టూ కూర్చున్నవారు, విమానంలో కూర్చున్నవారు కారు.

సరే, ఆ పదమూడు వేల బాంబులు ఏమైనవి? నేను చూసిన ఇంగ్లీషు పుస్తకాలలో చాలావాటిలో ఒక మాట కనిపించింది: అవి ఎవరికీ హాని లేకుండా లోపలి పొలాల్లో పడినవని. భాష చెప్పేవాణ్ణి గనుక ఈ 'హాని లేకుండా' అనే మాట దగ్గర ఆగిపోయాను. యుద్ధంలో ఖాళీ పొలం అంటే ఏమిటి? ఆ పొలానికి ఒక రైతున్నాడు. ఆవులున్నవి. నార్మండీ వెన్నకు, జున్నుకు పేరుపడ్డ సీమ. ఒడ్డు వెనకనే వియెర్విల్, సేన్ లోరాన్, కోల్విల్ అని మూడు ఊళ్ళు వరుసగా ఉన్నవి. పేలని బాంబులను నార్మండీ నేలలోనుంచి ఇప్పటికీ తీస్తున్నారు. దానికి ప్రత్యేకంగా ఉద్యోగులున్నారు.

మహాభారతంలో సౌప్తిక పర్వం జ్ఞాపకం వస్తుంది. తిక్కనగారి తెనుగులో ఈ ఘట్టం మా విద్యార్థులు పరీక్షకు చదువుతారు. అశ్వత్థామ గడ్డిపోచమీద అస్త్రం ఆవాహనచేసి విడుస్తాడు. దానికి ఎదురుగా అర్జునుడూ విడుస్తాడు. లోకాలు దహించుకుపోతాయని నారదుడు, వ్యాసుడు నడుమ నిలిచి ఉపసంహరించమంటారు. అర్జునుడికి ఆ విద్య తెలుసు, వెనక్కి తీసుకున్నాడు. అశ్వత్థామకు విడవడమే తెలుసు. ఏం చేశాడు? దారి మళ్ళించాడు. అది పోయి ఉత్తర గర్భంలో ఉన్న పసికందుమీద పడింది. బాంబుకు ఉపసంహారం లేదు. సెకన్లు పెంచడం, తగ్గించడం మళ్ళింపే. పడవమీద పడకూడదనుకుంటే పొలంమీద పడుతుంది. పొలం ఎవరిదో ఆ లెక్కలోకి రాదు.

ఆ రోజు మధ్యాహ్నం మళ్ళించే పని కూడా లేకపోయింది. జర్మన్ సేనలు తీరానికి రాకుండా రోడ్లు మూసివేయడానికి, రోడ్లు కలిసే పట్నాలనే కూల్చివేయడమని ఏర్పాటు. కాన్, సేన్ లో, లిజియో, వీర్. ఊరు విడిచిపొమ్మని ముందుగా కరపత్రాలు వేశారు. కొన్ని గాలికి కొట్టుకుపోయినవి. మొదటి రెండు రోజుల్లోనే నార్మండీలో సుమారు మూడు వేలమంది ఫ్రెంచి ప్రజలు చనిపోయారు. ఎవరిని విడిపించడానికి వచ్చారో వారే. కాన్ పట్నంలో జనం పదకొండో శతాబ్దంలో విలియం రాజు కట్టించిన మఠం గుడిలో తలదాచుకున్నారు. ఊరి బయట రాతి గనుల గుహల్లో వారాల తరబడి దీపం వెలుతురులో బతికారు. అంతకుముందు వసంతంలో, ఫ్రాన్సు రైలుస్టేషన్లమీద బాంబులు వేసే పథకం వచ్చినప్పుడు, చర్చిల్ చాలా వెనుకాడాడు. చనిపోయే ఫ్రెంచివారు పది వేలకు మించకూడదని పట్టుబట్టాడు. పది వేలు! కనికరం కూడా అంకెల్లోనే మాట్లాడవలసివచ్చింది పాపం. రూజ్‌వెల్ట్‌కు వ్రాస్తే ఆయన, అది సేనానులు తేల్చవలసిన సంగతి అన్నాడు.

సేన్ లో పట్నం ఎంతగా నేలమట్టమయిందంటే, యుద్ధం ముగిశాక ఐర్లండు రెడ్ క్రాస్ వారు అక్కడ ఆసుపత్రి పెట్టినప్పుడు, ఆ పనికి వచ్చినవారిలో సామ్యుఎల్ బెకెట్ ఒకడు. 1969లో నోబెల్ బహుమానం పొందిన నాటక కర్త ఆయనే. అప్పట్లో సామానుల లెక్కలు చూసేవాడు. ఆ ఊరిని గురించి 1946లో ఆయన ఒక రేడియో ప్రసంగం వ్రాశాడు. దానికి 'శిథిలాల రాజధాని' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆయన నాటకాలలో మనుషులు ఎందుకట్లా ఏమీ లేని చోట నిలబడి మాట్లాడుకుంటారో, ఈ సంగతి తెలిసిన తర్వాత నాకు కొంచెం తెలిసినట్టయింది.

బాంబు కింద ఉన్నవాళ్ళ అనుభవం మనవాళ్ళకు బొత్తిగా లేదని అనుకోకూడదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీదా కాకినాడమీదా బాంబులు వేసినవి. అప్పుడు విశాఖనుంచి పల్లెలకు తరలిపోయిన వేలాది కుటుంబాలలో మా నాయనమ్మ పుట్టింటివారిది ఒకటి. ముసలితనంలో కూడా ఆమె విమానం మోత వినబడితే గరిటె చేతపట్టుకొనే వాకిట్లోకి వచ్చి, అది దాటిపోయేదాకా నిలబడేది. "మన విమానమేనే" అని తాతయ్య నవ్వేవాడు. "మనదే కావచ్చు. పైన ఉన్నవాడికి నేనెవరినో తెలియదు గదా" అనేది ఆమె.

ఈ మాట ఎంత నిజమో, ఓమహా సంగతి జరిగిన ఏడు వారాలకు అమెరికన్ సైన్యానికే తెలిసివచ్చింది. జూలై నెలాఖరు. నార్మండీ పొలాల గట్లమధ్య, పొదలమధ్య సైన్యం చిక్కుకొని కదలలేకుండా ఉంది. జనరల్ బ్రాడ్లీ ఒక ఉపాయం పన్నాడు. సేన్ లో నుంచి పెరియే పోయే రోడ్డు ఒకటి బాణంలా తిన్నగా ఉంటుంది. దానికి అవతల జర్మన్లు, ఇవతల తనవాళ్ళు. పదిహేను వందల పెద్ద బాంబర్లు వచ్చి రోడ్డు అవతలి ముక్కను దున్నివేయాలి. వెంటనే సైన్యం అందులోనుంచి దూసుకుపోవాలి. రోడ్డు వెంబడి ఎగరమని బ్రాడ్లీ కోరాడు. చేనుగట్టు సామెత ఆయనకు తెలిసే ఉండాలి. వైమానికులు మళ్ళీ పాత కారణాలే చెప్పారు: ఇరుకు దారి, ఫిరంగులు, సమయం. బ్రాడ్లీ తన మాటకు ఒప్పుకున్నారనుకున్నాడు. వాళ్ళు ఒప్పుకోలేదనుకున్నారు. సైన్యాన్ని మూడు వేల గజాలు వెనక్కి జరపమని వైమానికులు అడిగితే, ఆయన పన్నెండు వందల గజాలు జరిపాడు. మరీ వెనక్కి పోతే, బాంబులు ఆగిన తర్వాత తిరిగి ముందుకు వచ్చేలోపల శత్రువు తేరుకుంటాడని ఆయన బాధ. అదీ నిజమే.

జూలై 24న మబ్బు పట్టింది. వెనక్కి రమ్మన్న కబురు అందరికీ అందలేదు. అందనివాళ్ళు బాంబులు విడిచారు, సైన్యం తలమీదుగానే వచ్చి. అమెరికన్ సైనికులు 25 మంది చనిపోయారు. మర్నాడు మళ్ళీ అదే దారిన వచ్చారు. మొదట వచ్చినవాళ్ళ బాంబులు లేపిన దుమ్మును దక్షిణపు గాలి రోడ్డు దాటించి ఇవతలికి నెట్టింది. తర్వాత వచ్చినవాళ్ళకు రోడ్డు కనబడలేదు, దుమ్ము అంచు కనబడింది. ఈసారి ఆలస్యం చేయమని ఎవరూ చెప్పలేదు. ఆ పూట 111 మంది అమెరికన్లు చచ్చిపోయారు. 490 మంది గాయపడ్డారు. ఎర్నీ పైల్ అనే ప్రసిద్ధ పత్రికా విలేకరి ఆ బాంబుల కిందనే ఒక బండి అడుగున దూరి బతికాడు.

చనిపోయిన 111 మందిలో లెఫ్టినెంట్ జనరల్ లెస్లీ మెక్‌నేర్ ఒకడు. అమెరికా పదాతి సైన్యానికి శిక్షణ అంతా ఆయన చేతిమీదుగా జరిగింది. తాను తయారుచేసిన కుర్రవాళ్ళు ఎట్లా ముందుకు పోతారో దగ్గరగా చూడాలని, పెద్దపెద్ద అధికారులు రాని చోటికి వచ్చాడు. అంతకుముందు మొన్ననే ఆయనను ఒక లేని సైన్యానికి సేనానిని చేశారు. కాలే దగ్గర మరో పెద్ద దండు దిగబోతున్నదని జర్మన్లను నమ్మించడానికి కాగితాలమీద సృష్టించిన సైన్యం అది. ఆ బూటకం బయటపడకూడదని ఆయన చనిపోయిన కబురు కొంతకాలం బయటపెట్టలేదు. నలుగురైదుగురు సేనానులు తప్ప పూడ్చేటప్పుడు ఎవరూ లేరు. ఆయన ఒక్కగానొక్క కుమారుడు కర్నల్ డగ్లస్ మెక్‌నేర్ తండ్రి పోయిన పన్నెండో రోజున, 1944 ఆగస్టు 6న, పసిఫిక్ సముద్రంలో గ్వామ్ ద్వీపంమీద చనిపోయాడు. ఇంటి దగ్గర ఉన్న ఆ ఇల్లాలికి ఏది ఎట్లా చెప్పారో!

బ్రాడ్లీ ఉపాయం మాత్రం పారింది. బాంబులు రోడ్డు అవతల కూడా పడినవి గదా, అక్కడ ఉన్న జర్మన్ దళం దాదాపు లేకుండా పోయింది. వారం తిరగకుండా అమెరికన్ సేన అవ్రాంష్ చేరింది. ఆగస్టు 25న పారిస్ స్వాధీనమయింది.

ఫ్లిక్స్‌టన్‌లో ఇప్పుడు రన్‌వేలు లేవు, తిరిగి వ్యవసాయం వచ్చింది. పక్కనే పాత విమానాల మ్యూజియం ఒకటి పెట్టి, అందులో 446వ గ్రూపువారి వస్తువులు దాచారు. ఓమహా గుట్టమీద, కోల్విల్ ఊరి పక్కన, అమెరికన్ల శ్మశానం ఉంది. సముద్రానికి ఎదురుగా, పచ్చిక మధ్య, తెల్లరాతి శిలువలు తొమ్మిది వేలకు పైగా. ఆ ఉదయం విడిచిన బాంబులు ఏ గుట్టను దాటి అవతల పడినవో, ఆ గుట్టే అది. కింది ఇసుకలో పోయినవాళ్ళు చాలామంది అక్కడ ఉన్నారు. కీళ్ళనొప్పుల రూజ్‌వెల్ట్ అక్కడే ఉన్నాడు. మెక్‌నేర్‌ను కూడా తెచ్చి అక్కడే ఉంచారు.